నల్లగొండ, పాలమూరు రచయితలకు: పుస్తకం మీరే వేసుకోవాలా, పబ్లిషర్‌కి ఇవ్వాలా?

రాత పూర్తయింది. ఫోన్‌లోనో, నోట్‌బుక్కుల్లోనో, డీటీపీ ఆపరేటర్ కంప్యూటర్‌లోనో వందా నూటయాభై పేజీలు సిద్ధంగా ఉన్నాయి. ఇక ఎవరిని అడిగినా తలో మాట చెప్తారు. ఒకరు హైదరాబాద్‌లో పెద్ద పబ్లిషర్‌కి పంపమంటారు, ఇంకొకరు వాళ్ల చుట్టూ ఎవరు తిరుగుతారు, పైసలు పెట్టుకుని మీరే వేసుకోండి అంటారు, మరొకరు ఫేస్‌బుక్‌లో కనిపించిన, డబ్బు కడితే పుస్తకం వేసిపెడతామనే ప్యాకేజీ లింకు పంపిస్తారు. వీటిలో ఏది ఎవరికి పనికొస్తుందో వివరంగా రాస్తున్నాను, ముఖ్యంగా దేవరకొండలోనో అచ్చంపేటలోనో నారాయణపేటలోనో ఉండి రాసేవాళ్ల కోసం, ఎందుకంటే ప్రెస్సులూ పబ్లిషర్లూ పుస్తకాల షాపులూ చాలావరకు హైదరాబాద్‌లో ఉంటే మన పాఠకులు మాత్రం ఇక్కడ ఉంటారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కవిత్వం, ఊరి చరిత్ర, జ్ఞాపకాలు, పాటలు అయితే తక్కువ కాపీలతో సొంతంగా వేసుకోవడమే మేలు. నవల, కథలు, పరిశోధన, అనువాదం అయితే కనీసం ఏడాది పబ్లిషర్ కోసం ప్రయత్నించాకే జేబులో చెయ్యి పెట్టాలి. ప్యాకేజీలకు మాత్రం దూరంగా ఉండమనే చెప్తాను, కారణాలు కింద రాశాను.

## ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు, మీ పుస్తకం చదివేది ఎవరు? పేర్లతో సహా ఆలోచించండి. మీ మండలం వాళ్లు, మీ బడిలో చదివినవాళ్లు, మీ ఉద్యమ మిత్రులు, వాట్సాప్ గ్రూపు, బంధువులు అయితే వాళ్లను చేరడానికి మీకంటే మంచి పంపిణీదారుడు దొరకడు. వరంగల్‌లో, విశాఖలో, బెంగళూరులో మీరెవరో తెలియని మనిషి షాపులో చూసి కొనాలనుకుంటే అది మీ ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

రెండోది డబ్బు. ఎంత ఖర్చవుతుంది అనే దానికంటే, ఎంత తిరిగి రాకపోయినా ఇంట్లో గొడవ కాదు అనేది అసలు లెక్క. ఆ అంకె కాగితం మీద రాసుకుని, దాని లోపలే ఆగాలి.

మూడోది ఇంకొకరి చెయ్యి పడటం. మీ రాతను ఒక ఎడిటర్ కోసి, మార్చి, రెండు అధ్యాయాలు తీసేయమంటే ఒప్పుకుంటారా? ఒప్పుకునే మనసుంటే పబ్లిషర్ దగ్గర మీకు చాలా లాభం. అలాగే తిరిగే ఓపిక ఉందా, షాపువాడిని మూడోసారి ఫోన్ చేసి బాకీ అడగగలరా అనేది కూడా నిజాయితీగా చూసుకోండి. టైం సంగతి, హక్కుల సంగతి కింద చెప్తాను.

## పబ్లిషర్‌కి ఇస్తే

తెలుగులో నమ్మకంగా పని చేస్తున్న సంస్థలు ఉన్నాయి. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980 నుంచి ఉంది, అనువాదాలూ సామాజిక అంశాల పుస్తకాలూ ఎక్కువ. ఎమెస్కో, నవచేతన, నవతెలంగాణ పబ్లిషింగ్ హౌస్ ఉన్నాయి, కొత్త తరం కథలు, నవలలు వేస్తున్న ఛాయ, ఆన్వీక్షికి లాంటివి ఉన్నాయి. ఒక్కొక్కరిదీ ఒక్కో దారి. పంపే ముందు వాళ్ల పుస్తకాలు నాలుగైదు కొని చదవండి, చేతిలోకి తీసుకుని కాగితం, అచ్చు, తప్పులు చూడండి. మీ పుస్తకం ఆ వరసలో పెడితే ఇమిడేలా లేకపోతే అక్కడికి పంపి ఎదురుచూడటం వృథా.

వాళ్లు ఇచ్చేది ప్రధానంగా మూడు. పెట్టుబడి వాళ్లది. ఎడిటింగ్, ప్రూఫు, ముఖచిత్రం వాళ్ల పని. ఏటా సాధారణంగా డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో వాళ్ల స్టాల్‌లో మీ పుస్తకం వేరే పేరున్న పుస్తకాల పక్కన ఉంటుంది, దాని కోసం వచ్చిన పాఠకుడి కన్ను దీని మీద పడుతుంది. ఈ మూడోదానికి నేను చాలా విలువ ఇస్తాను.

వాళ్లు తీసుకునేది టైం. జవాబు రావడానికి నెలలు, ఒప్పుకున్నాక అచ్చుకు మళ్లీ నెలలు. కవిత్వం అయితే చాలామంది వద్దనే అంటారు, లేదా కొంత ఖర్చు మీరు పెట్టుకోమంటారు, అలా అడిగారంటే అది పబ్లిషర్ పేరుతో జరిగే సొంత ప్రచురణే అని గుర్తుంచుకోండి. రాయల్టీ మామూలుగా పుస్తకం ధరలో పది శాతం చుట్టూ ఉంటుంది. ధర 150 అయి 500 కాపీలు అమ్ముడైతే మీకొచ్చేది 7,500 రూపాయలు. కొందరు డబ్బుకు బదులు కాపీలు ఇస్తారు. ఇది తప్పేమీ కాదు, ముందే మాట్లాడుకుంటే చాలు.

ఇక ఒప్పందం. మన వైపు చాలా పుస్తకాలు నోటిమాట మీదే నడుస్తాయి, "మన సారే కదా" అని. దయచేసి కాగితం రాయించుకోండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు ఇవ్వడం రాతపూర్వకంగానే జరగాలి, అందులో ఏ పుస్తకం, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, రాయల్టీ ఎంత అనేవి ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లకే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అని చట్టం భావిస్తుంది. వేరేగా రాసుకుంటే తప్ప, తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడకపోతే అది చెల్లకుండా పోతుంది. కాపీరైట్ రచయిత బతికినంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది కాబట్టి "సర్వహక్కులూ శాశ్వతంగా" అని రాసిన కాగితం మీద సంతకం పెడితే మీ మనవల దాకా ఆ సంతకం పనిచేస్తుంది. అచ్చు పుస్తకం హక్కు ఒక్కటే ఇచ్చి, ఈ-బుక్, ఆడియో, సినిమా, అనువాదం మీ దగ్గరే ఉంచుకోండి.

ఇంకొక విషయం మనవాళ్లకు బాగా తగులుతుంది. కథలో మన మాట ఉంటుంది, "పోతుండు", "ఏడున్నడు", "కైకిలికి పోయిండ్రు" అని. ప్రూఫు చూసే మనిషి అలవాటు కొద్దీ కొన్నిచోట్ల "పోతున్నాడు" చేసి కొన్నిచోట్ల వదిలేస్తే పాత్ర ఒకే పేజీలో రెండు జిల్లాల భాష మాట్లాడుతుంది. ఇప్పుడు మంచి ఎడిటర్లు ఈ భాషను గౌరవిస్తున్నారు, అయినా స్క్రిప్టుతో పాటే ఒక పేజీ రాసి ఇవ్వండి: సంభాషణలో ఈ రూపాలు ఇలాగే ఉండాలి, కథనంలో ఇలా ఉండాలి అని. ఆఖరి ప్రూఫు మీరు చూడకుండా అచ్చుకు పంపకూడదని ఒప్పందంలోనే పెట్టించుకోండి.

## సొంతంగా వేసుకుంటే

ఇది మనకు కొత్త కాదు. 1922లోనే నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రిక నడిపారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. విద్వద్గద్వాల అని పేరు తెచ్చుకున్న గద్వాల సంస్థానంలో పండితులకు రాజు పోషణ ఉండేది. ఆ రాజులు పోయాక మన ప్రాంతపు కవిత్వం చాలావరకు రాసినవాళ్ల జీతం డబ్బుల్లోంచే వచ్చింది. అమ్మ పేరునో ఊరి పేరునో "ప్రచురణలు" అని పెట్టుకుని వేసిన పుస్తకాలు మన గ్రంథాలయాల్లో వరసగా కనిపిస్తాయి. కాబట్టి సొంతంగా వేసుకున్నామని చిన్నతనం పడాల్సిన పని లేదు.

కానీ పని తెలుసుకుని చేయాలి. మొదటి చిక్కు డీటీపీ దగ్గరే వస్తుంది. మీరు ఫోన్‌లో యూనికోడ్‌లో టైప్ చేసి ఉంటారు, చాలామంది ఆపరేటర్లు పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని "అను" అనే పాత ఫాంట్లతో పని చేస్తారు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు కొన్ని ఒత్తులు ఎగిరిపోతాయి, కొన్ని దీర్ఘాలు తప్పిపోతాయి, మీరు ముందు చదివి బాగుందనుకున్న వాక్యంలోనే తప్పు పుడుతుంది. అందుకే మార్చాక మళ్లీ మొదటి అక్షరం నుంచి చదవాలి, మీరు కాకుండా ఇంకొకరు కూడా. తెలుగు టీచర్ మిత్రుడు ఉంటే ఆయనకు డబ్బు ఇచ్చే చదివించండి, ఊరికే చదవమంటే ఇరవై పేజీల తర్వాత చూపు జారుతుంది. ఇంకోటి, దిద్దుబాట్లన్నీ అను ఫైల్‌లోనే జరుగుతాయి, మీ ఫోన్‌లో ఉన్నది పాత తప్పులతోనే ఉండిపోతుంది. రేపు ఈ-బుక్ వేయాలన్నా, రెండో ముద్రణ ఇంకోచోట చేయించాలన్నా ఇబ్బంది. యూనికోడ్‌తోనే ఇన్‌డిజైన్‌లో చేసే ఆపరేటర్ దొరికితే కాస్త ఎక్కువైనా అక్కడే చేయించండి, మళ్లీ దిద్దుకోగలిగే ఓపెన్ ఫైలూ పీడీఎఫ్ రెండూ అడిగి తీసుకోండి.

అచ్చు సంగతి. ఎక్కువగా వేసేది డెమ్మీ 1/8 సైజు. 16 పేజీలు ఒక ఫారం, కాబట్టి 128 పేజీలంటే 8 ఫారాలు. 131 పేజీలు వచ్చాయంటే ఇంకో ఫారం మొదలవుతుంది, మూడు పేజీల కోసం ఖర్చు పెరుగుతుంది, ముందుమాటలు నాలుగున్న చోట రెండు చేస్తే సరిపోతుంది. రెండు మూడు వందల కాపీలలోపు డిజిటల్ ప్రింట్, 500 దాటితే ఆఫ్‌సెట్ లాభం. లోపల 70 జీఎస్ఎం (కాగితం మందాన్ని చెప్పే బరువు లెక్క) "మ్యాప్‌లితో" రకం కాగితం, అట్టకు 300 జీఎస్ఎం బోర్డు చాలు. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో పెళ్లి కార్డులు బాగా వేసే ప్రెస్ పుస్తకం బైండింగ్ కూడా బాగా చేస్తుందని అనుకోకండి, వాళ్లు వేసిన పుస్తకం ఒకటి అడిగి తీసుకుని మధ్యలో బాగా విప్పి చూడండి, పేజీలు ఊడితే హైదరాబాద్‌లో వేయించి కట్టలు ఆర్టీసీ కార్గోలో తెప్పించుకోవడం మంచిది.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య, మన దేశంలో ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, రచయిత తన పేరు మీదే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. దీనికి వేలు అడిగేవాళ్లు మీకు తెలియదని అడుగుతున్నారు. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. ఇంకొక చట్టబద్ధమైన పని చాలామంది వదిలేస్తారు: 1954 చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒకటి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని నిర్ణీత గ్రంథాలయాలకు ఒక్కోటి పంపాలి. నాలుగు కాపీలే, కానీ మీ ఊరి పేరున్న పుస్తకం దేశం గ్రంథాలయంలో భద్రంగా ఉంటుంది. జిల్లా గ్రంథాలయానికి, పాలమూరు యూనివర్సిటీకో మహాత్మాగాంధీ యూనివర్సిటీకో కూడా ఇచ్చి రండి.

డబ్బు లెక్క ఒకసారి చూద్దాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు, మీ కొటేషన్ తెచ్చుకుని మార్చుకోండి. 300 కాపీలు, కాపీకి 80 పడిందనుకుంటే 24,000. డీటీపీ, ప్రూఫు, ముఖచిత్రం కలిపి 10,000. మొత్తం 34,000. ఇందులో 60 కాపీలు అతిథులకు, పత్రికల సమీక్షలకు, దగ్గరివాళ్లకు పోతాయి. మిగిలిన 240లో సగం మీ చేతిమీదుగా 150 చొప్పున అమ్మితే 18,000. మిగతా సగం షాపుల ద్వారా పోతే, వాళ్ల కమీషన్ 40 శాతం తీసేస్తే కాపీకి 90, అంటే 10,800. మొత్తం 28,800. ఒక్క కాపీ మిగలకుండా అమ్మినా 5,200 నష్టం, ఆవిష్కరణ సభ ఖర్చు ఇంకా కలపలేదు. ధర 180 పెడితే 34,560 వచ్చి సరిసమానం అవుతుంది. పంపిణీదారులైతే 50 శాతం దాకా అడగొచ్చు. అందుకే ధర పెట్టేటప్పుడు మొహమాటం వద్దు, షాపుల మీద ఆశ కూడా వద్దు, చేతిమీదుగా అమ్మేదే మీ అసలు అమ్మకం.

ఆవిష్కరణ సభ గురించి గట్టిగానే చెప్తాను. ఫంక్షన్ హాలు కిరాయి, ఫ్లెక్సీలు, శాలువాలు, భోజనాలు కలిపి పుస్తకం ఖర్చును మించిపోయిన సభలు మన జిల్లాల్లో చాలా జరుగుతాయి, అందరికీ కాపీ ఊరికే పంచుతారు, ఊరికే వచ్చిన పుస్తకాన్ని చాలామంది తెరవరు. గ్రంథాలయం హాల్లోనో బడిలోనో సభ పెట్టండి, గుమ్మం దగ్గర బల్ల వేసి అమ్మండి. చివరి పేజీలో "ప్రతులకు" అని మీ నంబరుతో పాటు ఫోన్‌పే స్కానర్ వేయించండి, ఒకరి దగ్గర చూసిన ఇంకొకరు అక్కడికక్కడే ఆర్డర్ పెడతారు.

పోస్టుకు 2025 మే నుంచి తపాలాశాఖ జ్ఞాన్ పోస్ట్ అని పుస్తకాల కోసం పెట్టింది, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పన్ను అదనం. 128 పేజీల డెమ్మీ పుస్తకం 150 గ్రాముల చుట్టూ తూగుతుంది కాబట్టి అట్టపెట్టెతో సహా మొదటి రేటులోనే పోతుంది. పుస్తకం మీద ప్రింటర్ లేదా ప్రచురణకర్త పేరు ఉండాలి, అది మర్చిపోకండి.

## ప్యాకేజీ కంపెనీలు

ఇంత కడితే ఇన్ని కాపీలు, ఐఎస్‌బీఎన్, అమెజాన్‌లో లిస్టింగ్, ఒక సర్టిఫికెట్. చదవడానికి బాగుంటుంది. ఐఎస్‌బీఎన్ ఉచితమని చూశాం. అమెజాన్‌లో పేజీ ఉన్నంత మాత్రాన ఎవరూ వెతుక్కుంటూ రారు. తెలుగు ప్రూఫు చూసే మనిషి వాళ్ల దగ్గర ఉన్నాడా అని అడిగితే చాలాసార్లు సూటి జవాబు ఉండదు. కొత్తగా రాస్తున్న డిగ్రీ పిల్లలు, రిటైరైన టీచర్లు వీళ్ల మాటకు డబ్బు కట్టి, 25 కాపీల కట్ట అందుకుని ఏం చేయాలో తెలియక కూర్చోవడం చూస్తే బాధేస్తుంది. అయినా వెళ్లాలనుకుంటే మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: ఐఎస్‌బీఎన్ ఎవరి పేరు మీద ఉంటుంది, అచ్చు ఫైళ్లు నాకు ఇస్తారా, అదనపు కాపీ నాకు ఎంతకు పడుతుంది.

దీనికి దగ్గరగా ఉన్న మంచి మార్గం ఒకటి ఉంది. పోతీ డాట్ కామ్ లాంటి చోట పీడీఎఫ్ ఎక్కించి, ఆర్డర్ వచ్చినప్పుడే అచ్చయ్యేలా పెట్టుకోవచ్చు. కాపీ ఖరీదు ఎక్కువే, కానీ ఇంట్లో కట్టలు పేరుకోవు. ముంబైలాంటి దూరపు ఊళ్లలో ఉన్న మన పాలమూరు వాళ్లకు చేరాలంటే ఇది రెండో దారిగా ఉంచుకోండి. ప్రతిలిపిలో ఉచితంగా రాసి పాఠకులను కూడగట్టుకోవడం కూడా మంచిదే, సీరియల్‌గా సాగే ప్రేమ, కుటుంబ కథలకు అక్కడ చదివేవాళ్లు బాగా ఉన్నారు, ఒక్కో భాగం కింద వాళ్లు రాసే మాటలు ఎడిటింగ్‌కి పనికొస్తాయి. కిండిల్ 2016లో ఐదు భారతీయ భాషలతో మొదలైనప్పుడు అందులో తెలుగు లేదు, కాబట్టి దాని మీద ప్లాన్ వేసుకునే ముందు భాషల జాబితా చూసుకోండి.

## ఒక చూపులో

| | పబ్లిషర్ | సొంతంగా | ప్యాకేజీ | ఆర్డర్‌పై అచ్చు |
|---|---|---|---|---|
| పెట్టుబడి | వాళ్లది | మొత్తం మీది | మీది, ఎక్కువే | చాలా తక్కువ |
| టైం | ఏడాది, అంతకు మించి | రెండు మూడు నెలలు | రెండు మూడు నెలలు | కొన్ని వారాలు |
| ఎడిటింగ్ | ఉంటుంది | మీరు చేయించుకోవాలి | పేరుకే | లేదు |
| ఊళ్లో పాఠకులు | మీరు తిరగాల్సిందే | బాగా చేరుతుంది | మీరు తిరగాల్సిందే | కష్టం |
| రాష్ట్రమంతా షాపుల్లో | అవకాశం ఉంది | చాలా కష్టం | దాదాపు లేదు | లేదు |
| హక్కులు | ఒప్పందాన్ని బట్టి | పూర్తిగా మీవి | చదివి చూసుకోవాలి | మీవే |

## ఎవరికి ఏది

మొదటి కవితా సంపుటి అయితే 200 కాపీలు, సొంతంగా. పత్రికల్లో పదీ పదిహేను అచ్చయ్యాకే వేయండి, ఆ సంపాదకులు వద్దన్నవి పుస్తకంలో ఎందుకు పెట్టాలో కూడా ఒకసారి ఆలోచించండి. నలుగురు మిత్రులు కలిసి ఒక పేరు మీద వరసగా వేసుకుంటే ఇంకా మంచిది, ఒకరి సభలో నలుగురి పుస్తకాలూ అమ్ముడవుతాయి, ప్రూఫు ఒకరిది ఒకరు చూస్తారు.

ఊరి చరిత్ర, కులవృత్తుల మీద, ఫ్లోరైడ్ పోరాటం మీద, వలసల మీద రాసినవాళ్లకు నా సలహా కొంచెం వేరు. స్థానికంగా వెంటనే అమ్ముడయ్యేది ఇదే, ఊళ్లో ప్రతి ఇంటివాళ్లూ తమ పేరు ఉందేమో చూసుకుంటారు, అందుకని సొంతంగా వేయండి. కానీ ఒక్క ఊరు దాటి మొత్తం పాలమూరు వలస గురించో నల్లగొండ నీళ్ల గురించో రాసి ఉంటే దాన్ని ఇక్కడే ఆపకండి, అది రాష్ట్రం మొత్తం చదవాల్సిన పుస్తకం, పబ్లిషర్‌కి పంపండి. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం కూడా అంతే, కాకపోతే అధ్యాయాల వెనక పెట్టిన ఉపసంహారాలన్నీ తీసేసి మామూలు పాఠకుడి కోసం తిరగరాసిన తర్వాత.

పోటీ పరీక్షల గైడ్లు, బడి పిల్లల అభ్యాస పుస్తకాలు రాసే టీచర్లకు సొంత ప్రచురణే లాభం. కొనేవాళ్లు ఎక్కడున్నారో మీకు తెలుసు, ఏటా మార్చాలి కాబట్టి తక్కువ తక్కువగా అచ్చు వేసుకోవచ్చు. పాటలు రాసి పాడేవాళ్లు సభల్లోనే అమ్ముకుంటారు, చిన్న పుస్తకం, 40, 50 రూపాయల ధర, సెంటర్ పిన్ చాలు.

నవల రాసినవాళ్లు మాత్రం తొందరపడకండి. నవలకు ఎడిటర్ కావాలి, తెలియని పాఠకుడు కావాలి, ఈ రెండూ ఇంట్లో దొరకవు. మొదటి రెండు అధ్యాయాలు, ఒక పేజీ సారాంశం, మీ గురించి నాలుగు మాటలు యూనికోడ్ ఫైల్‌లో మెయిల్ చేయండి. మూడు నెలల తర్వాత ఒకసారి మర్యాదగా ఫోన్ చేయండి. ఒకచోట కాదంటే ఇంకోచోటికి పంపండి. ఏడాది దాటినా ఎవరూ ఏదీ తేల్చకపోతే, స్క్రిప్టు వెనక్కి తీసుకుంటున్నానని పంపిన ప్రతి చోటికీ రాతపూర్వకంగా తెలియజేయండి, ప్రింటర్ దగ్గరికి ఆ తర్వాతే వెళ్లండి. మీరు అచ్చుకు ఇచ్చిన నెలలోనే అటునుంచి "వేస్తాం" అని ఫోన్ వస్తే ఇద్దరికీ ఇబ్బందే.